ముందు పాడిన మనిషి

మా తాతబాబు బావకి ఒకటే జబ్బు. చెవిన పాట పడితే చాలు, "ఇది ముందల ఎవులు పాడినారేటి?" అని అడిగేవాడు. జవాబు చెప్పేదాకా ఎదుటివాణ్ణి వదిలేవాడు కాదు.

బావ పోర్టులో సరుకు దించే వించ్ నడిపేవాడు. పక్కిల్లే కాబట్టి ఆ జబ్బు ముందు నాకే తగిలేది. మంగలి షాపులో రేడియో మోగితే సగం గడ్డంతో లేచి మరీ అడిగేవాడు. మా చెల్లెలి పెళ్లిలో పురోహితుడు గొంతు సవరించుకుని మంత్రం ఎత్తుకోగానే బావ నోరు తెరిచాడు. మా అమ్మ ఆ నోట్లో లడ్డూ కుక్కింది. ముహూర్తం దక్కింది.

ఈ జబ్బు అంటించినవాడు ఒక విదేశీ ఓడ వంటవాడు. డెబ్బై నాలుగులో, బావ ఇచ్చిన ఎండురొయ్యలకి మురిసిపోయి ఒక పాత రికార్డు చేతిలో పెట్టాడు. అమెరికాలో ఒక నల్లజాతి గాయని పాడినది. పేరున్న కాగితం ఊడిపోయింది కానీ, ఆ గొంతు మాత్రం మా గోడల సున్నం రాల్చేది.

"రాక్ మ్యూజిక్కంతా ఇలాటి ఆడోళ్ల కాణ్నించి వచ్చినాదే," అనేవాడు బావ. "ముందల ఈవిడ పాడినాది. ఎనకాల జుట్టు పెంచిన మగ గుంటలు గిటార్లట్టుకుని అదే పాడినారు. ఆళ్లు కార్లు కొన్నారు. ఈవిడ పేరు ఊడిపోనాది."

"నీకెవులు సెప్పినారు బావా?"

"వంటోడు."

"ఏ బాసలో?"

"సగం సేతుల్తో. కార్లు కొన్నారని స్టీరింగు తిప్పి సూపించినాడు."

డెబ్బై ఎనిమిదిలో నేనూ, నాతో పోర్టులోనే పనిచేసే అర్జునరావూ, ఇంకో ఇద్దరూ కలిసి రాక్ బ్యాండు పెట్టాం. బెల్‌బాటం ప్యాంట్లు ముందు కుట్టించుకుని, గిటారు తరవాత నేర్చుకున్నాం. జాలరిపేటలో వలలు దాచే షెడ్డులో ప్రాక్టీసు. షెడ్డు ముందు చేపలమ్మే చిట్టమ్మ, పొలుసు గీకుతూ, మొగుడి పడవ గురించి తనే కట్టుకున్న పాట పాడేది. గొంతు బొంగురే గానీ, ఆ ఊపు వింటే ఒళ్లు నిలవదు. మేం దానికి గిటార్లు తగిలించి పోర్టు ఉద్యోగుల పాటల పోటీకి పేరిచ్చేశాం. రచన, సంగీతం మావేనని రాశాం. చిట్టమ్మని ఒక్క మాట అడగలేదు.

పోటీ రోజు తెర తీస్తే మొదటి వరసలో తాతబాబు బావ. పక్కన ఉతికిన చీరలో చిట్టమ్మ. షెడ్డు దగ్గర మా ప్రాక్టీసు విని, ఆవిణ్ణి తనే వెంటబెట్టుకొచ్చాడట. ఇప్పుడు లేచి అడుగుతాడు, మూడొందల మంది ముందు మా పరువు గంగలో కలుస్తుంది.

పల్లవి అయిపోయింది. బావ లేవలేదు. చరణం సగానికొచ్చింది. బావ రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. చిట్టమ్మ మాత్రం తన పాటకి తానే మెల్లగా పెదాలు కదుపుతోంది. అది చూసి నాకు సిగ్గేసింది. గిటారు ఆపేశాను.

"ఇది సిట్టమ్మ పాట," అన్నాను మైకులో. "ముందల ఆవిడే పాడినాది. మేం ఎత్తుకొచ్చినాం."

"ఒరే ఎల్లారావూ, మన కప్పు!" అని అర్జునరావు ఏడుపు మొహం పెట్టాడు.

చిట్టమ్మ అప్పటికే స్టేజీ ఎక్కేసింది. "ఈ గుంటలకి ఊపు తెలీదు. నాను పాడతాను, ఎనకాల కొట్టండి," అని మైకు లాక్కుంది. కప్పు మాకే వచ్చింది. సర్టిఫికెట్టు మీద మొదటి పేరు చిట్టమ్మది.

బయటికొచ్చాక బావని నిలదీశాను. "ఇయ్యాల ఎందుకడగలేదు?"

"నానడిగితే నువ్వు దొంగవైపోదువు. నువ్వే సెప్తావని కూకున్నాను. పేణం పోయినంత పనైనాదిరా!" అంటూ వరసగా మూడు సోడాలు తాగాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు: "రికార్డులో ఆవిడ పేరు మనకింక దొరకదు. సిట్టమ్మ పేరైతే మన సేతిలోదే కదా."

మర్నాడు జాలరిపేట వెళ్తే, చిట్టమ్మ ఆ కప్పుతో బకెట్లో నీళ్లు ముంచి చేపల మీద చల్లుతోంది.

"బాగున్నాది బాబూ, సెంబు కంటే ఎక్కువ పడతన్నాది," అంది.

నేను బేరమాడకుండా అరడజను కానాగంత చేపలు కొనుక్కుని ఇంటికొచ్చాను.