ఆ మోటారు ఎందుకు తిరిగిందో నాకు తెలుసు

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఎన్నోసార్లు చెప్పబోయి, నీళ్ళు తాగి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మొత్తం విప్పి చెప్పగలుగుతున్నానేమో.

మాది దేవరుప్పుల. పెళ్ళయ్యాక జనగామలో ఉంటున్నాను. ఇంట్లో కూర్చునే హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి పని చేస్తాను. పొలం మోటార్లను నడిపే కంట్రోల్ బోర్డులు ఆ కంపెనీ తయారు చేస్తుంది. బోర్డు లోపల ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. దానికి మూలమైన భాగాన్ని కెర్నల్ అంటారు. చిప్పులో ఉండే టైమర్‌ను కెర్నల్ ఎలా వాడుకోవాలో చెప్పే కోడ్ ఇతరులు రాస్తే, దాన్ని చదివి తప్పులు పట్టుకోవడం నా పని. నేను సరేనంటేనే అది బోర్డులోకి వెళ్తుంది.

ఆ టైమర్ సంగతి కొంచెం చెప్పాలి. చిప్పులో ఒక అంకె ఆగకుండా పెరుగుతూ పోతుంటుంది. ‘ఫలానా అంకె రాగానే నన్ను లేపు’ అని కెర్నల్ దానికి చెప్పిపెడుతుంది. కరెంటు వచ్చాక మోటారు కాసేపు ఆగి మొదలయ్యేది ఇలాగే. ఎప్పుడో అరుదుగా, చెప్పేలోపే ఆ అంకె దాటిపోతుంది. అప్పుడు టైమర్ ఊరుకుంటుంది. అంకె చివరిదాకా పెరిగి, సున్నాకు వచ్చి, మళ్ళీ పెరుగుతూ అక్కడికి చేరినప్పుడు లేపుతుంది. అందుకు గంట పైనే పట్టవచ్చు. ఇది జరగకుండా, చెప్పిన వెంటనే ‘దాటిపోయిందా?’ అని మరోసారి చూసుకోవాలి. ఆ చూసుకోవడం ఆ కోడ్‌లో లేదు.

నేను దాన్ని చదవలేదు. అది మొదటి తప్పు. ఆ రోజు మా అక్క కూతురు ఓణీల ఫంక్షన్, మహబూబాబాద్‌లో ఒక హాల్లో. చుట్టాల సందడిలో, పక్క గదిలో లాప్‌టాప్ తెరిచి, పైపైన చూసి, ‘బాగుంది’ అని రాసి మూసేశాను. ఇలాంటివి అందరూ చేస్తారని ఆ తర్వాత నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. అది అక్కడితో ఆగి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

సృజన అని భూపాలపల్లి అమ్మాయి అప్పుడే మా జట్టులో చేరింది. అదే కోడ్ కింద ఒక ప్రశ్న పెట్టింది. చదవగానే నాకు అర్థమైంది. నిజం చెబుతున్నాను, చదవగానే. కానీ ఆమె ప్రశ్న సరైనదంటే, నేను చదవకుండానే సరేనన్నానని అందరికీ తెలిసిపోతుంది. ఫోన్ చేశాను.

“సృజనా, నేను చూసి సరే అన్న గద. మళ్ళ గీ ప్రశ్న ఏంది?”

“అక్కా, అంకె పెట్టినంక మళ్ళ చూస్తలేదు గద. దాటిపోతె ఎట్ల?”

“గంత జల్ది ఏం దాటది.”

“దాటితె మోటరు ఎప్పుడో లేస్తది అక్కా. అప్పుడు దగ్గర ఎవలన్న ఉంటె?”

“నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవ్. ప్రతిదానికి గిట్ల అడ్డం పడితె పని ఎట్ల నడుస్తది? తీసెయ్ దాన్ని.”

“సరే అక్కా. పెద్దదానివి, నువ్వే చెప్తున్నవ్ గద.”

ప్రశ్న పోయింది. నాకు హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది.

ఆ అక్క భర్త, మా బావ సమ్మయ్య, గార్లలో మోటారు మెకానిక్. కరెంటు పనులూ చేసేవాడు. మా కంపెనీ బోర్డులు మంచివని ఆయనకు చెప్పింది నేనే. “మరదలు చేసిన బోర్డు” అని నలుగురికీ గొప్పగా చెప్పి, చుట్టుపక్కల పొలాల్లో పెట్టాడు. భిక్షపతి అనే రైతు బావి దగ్గర కూడా పెట్టాడు.

ఒకరోజు పొద్దున కరెంటు వచ్చింది, భిక్షపతి మోటారు మాత్రం లేవలేదు. గంట దాకా చూసి బావకు ఫోన్ చేశాడు. జామ్ అయిందేమో, మోటారు వెనకుండే ఫ్యాన్ మూత తీసి చేత్తో తిప్పి చూడమన్నాడు బావ. భిక్షపతి మూత తీసి చెయ్యి పెట్టాడు. మోటారు లేచింది. కుడిచేతి వేళ్ళు పోయాయి.

ముందు ఫ్యూజులు తీయమని బావ చెప్పాడా లేదా? ఆయనకు గుర్తు లేదు. భిక్షపతికీ గుర్తు లేదు. కంపెనీ మనిషి వచ్చి బోర్డును పరీక్షించాడు. అరుదుగా జరిగేది ఆయన ముందు జరగలేదు. ఇక ఊరంతా మెకానిక్ తప్పే అంది. అందరికంటే ముందు మా బావే అన్నాడు.

నాకు మరునాడే తెలిసింది. కోడ్ తెరిచాను, సృజన అడిగిన చోటికి వెళ్ళాను, తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఆఫీసు వాళ్ళు ఫోన్ మీటింగ్‌లో అడిగారు. బోర్డులో లోపమేమీ లేదన్నాను. సృజన ఆ కాల్‌లోనే ఉంది. ఏమీ అనలేదు. నేను నోరు మూయించిన మనిషి ఎందుకంటుంది?

ఆ తర్వాత చిన్న మార్పు అని పేరు పెట్టి కోడ్ సరిచేశాను. పొలాల్లో ఉన్న బోర్డులన్నిటినీ సర్వీసు పేరుతో మార్పించాను. ఇంకొకరి చెయ్యి పోకుండా చూశాను, నా పేరు బయటికి రాకుండానూ చూశాను. ఈ రెండింటిలో ఏది ముందు? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా నాకు నచ్చిన జవాబు రాలేదు. సృజన కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసింది. వెళ్ళేటప్పుడు అందరికీ ఫోన్ చేసిందట, నాకు చేయలేదు.

బావ పని మానేశాడు. ఆటో తోలుకుంటున్నాడు. ఇంట్లో ఫ్యాన్ ఆగినా ఇంకొకరిని పిలుస్తాడు. స్విచ్ వేయాలంటే అక్కనే పిలుస్తాడు. పండక్కి, పబ్బానికి, చావుకి, పెళ్ళికి ఆ ఇంటికి వెళ్ళక తప్పదు. వెళ్తే ఆయన ఎదురుగానే కూర్చోవాలి. ఉద్యోగం మారదామనుకున్నాను, మారినా ఆ ఇల్లు మారదు కదా. చెబుదామనుకుంటే, ఒక్కొక్క ఏడూ గడిచేకొద్దీ ‘ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?’ అన్న ప్రశ్న అసలు తప్పుకంటే పెద్దదైపోయింది. ఎటు తిరిగినా గోడే.

మొన్న అక్క ఫోన్ చేసింది. వాళ్ళ అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానంటే బావ ససేమిరా అంటున్నాడట. “నీ మాటైతె ఇంటడే, జర వచ్చి చెప్పు” అంది. వెళ్ళాను.

“నా బిడ్డ చేతికి వైరు ఇయ్య మరదలా,” అన్నాడు బావ. “నా నోట్లకెల్లి ఒక్క మాట రాకపోవుడుకు ఒకని చెయ్యి పోయింది. గా పాపం నాతోనే పోనీ.”

అప్పుడు చెప్పేశాను. అంకె, సృజన ప్రశ్న, మీటింగ్‌లో అన్న అబద్ధం, అన్నీ. ఫ్యూజుల మాట నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆ మోటారు అప్పుడు లేవకూడదు బావా, లేచింది నా వల్ల అన్నాను. అక్క చేతిలో టీ గ్లాసులు అలాగే ఉన్నాయి.

బావ కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు.

“నీకెప్పుడు ఎరుకైంది?”

“మరునాడే.”

“మరునాడే,” అన్నాడు. నేల వైపు చూస్తూ ఏదో కలుపుకుంటున్నాడు. “అంటే, నేను దవాఖానల భిక్షపతి కాళ్ళు పట్టుకున్ననాడు నీకెరుకే. నువ్వు నా పక్కపొంటే నిలబడ్డవ్ గద. నువ్వే నన్ను లేపినవ్.”

అవును. ఆయన భుజం పట్టుకుని, ఊరుకో బావా అని లేపింది నేనే.

ఆయన లేచి చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. నేనున్నంతసేపు తిరిగి రాలేదు. బస్సు దాకా అక్క నాతో రాలేదు. ఆ తర్వాత వాళ్ళు ఫోన్ చేయలేదు, నేను చేస్తే ఎత్తలేదు. అమ్మాయి చదువు సంగతి ఏమైందో తెలియదు. ఆఫీసుకు అంతా ఉన్నదున్నట్టు రాసి పంపాను. వాళ్ళేం చేస్తారో తెలియదు, ఏం చేసినా తక్కువే.

భిక్షపతి దగ్గరికి ఇంకా వెళ్ళలేదు. వెళ్ళాలి. కూర్చోమంటాడో, గడప దాటనివ్వడో. క్షమించమని మాత్రం అడగను. ఆ బరువు కూడా ఆయన మీదే ఎందుకు పెట్టాలి?

పొద్దున మొదలుపెడితే ఇది రాసేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంట్లో ఎవరూ లేరు. రాయడం ఆపగానే ఆకలి తెలిసింది. చాలాకాలం తర్వాత, ఏ మాటా అడ్డం రాకుండా, పళ్ళెంలో పెట్టుకున్న అన్నమంతా తిన్నాను.