గ్రైండరు జరిపింది నేనే

పదకొండేళ్లుగా ఒక గ్రైండరు నా గుండెల మీద కూర్చుని ఉంది. మాటవరసకు అనడం లేదు. ఇడ్లీపిండి రుబ్బుకునే రాతి గ్రైండరే. దాని సంగతి నిన్న మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. మీ పేరు నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. అందుకే మీ దగ్గర మొదటినుంచీ చెప్పగలననిపిస్తోంది.

ఈ పరాయి దేశంలో మాది కెల్లీవిల్. మాకో కారవాన్ ఉంది, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. కొన్నది నేనే అయినా దాన్ని నడపడం వచ్చింది మా ఆవిడకి. శని, ఆదివారాలు క్లాసుకెళ్లి మరీ నేర్చుకుంది. కారవాన్ పార్కులో ఇరుకు సందులోకి ఒక్క ఊపులో వెనక్కి పెట్టేసేది. చుట్టూ కుర్చీలేసుకుని కూర్చున్న తెల్లవాళ్లు చప్పట్లు కొట్టేవారు. నేను పెడితే మాత్రం పక్కవాళ్ల కుళాయి విరిగేది. నేనా, మెకానికల్ ఇంజినీరుని! నాకు ఒళ్లు మండేది. పైకి నవ్వేవాణ్ణి.

ఆ ఏడాది ఏప్రిల్ సెలవుల్లో మిల్డూరాలో ఉన్న ఆవిడ పిన్నికూతురి ఇంటికి వెళ్లాం. ఇక్కడ ఏప్రిల్ అంటే ఆకురాలే కాలం, ద్రాక్షతోటల ఆకులు పసుపు తిరిగిన రోజులు. తిరిగొచ్చేటప్పుడు ఊరికే పంపుతారా? వడియాలకని రెండు బూడిద గుమ్మడికాయలిచ్చారు, ఒక్కోటీ పసిపిల్లంత ఉంది. మా బియ్యం బస్తా, మా గ్రైండరు ఎలాగూ ఉన్నాయి. ఇడ్లీ లేకుండా మూడో రోజు గడవని కుటుంబం మాది. మా ఆవిడ అన్నిటినీ కారవాన్ మధ్యలో, సరిగ్గా చక్రాల మీదకొచ్చేలా సర్దింది. బరువు వెనక్కి చేరితే కారవాన్ తోక ఊపుతుందని నాకు పదిసార్లు చెప్పింది. ఇంజినీరుకి చెప్పడమేమిటని పదిసార్లూ విసుక్కున్నాను.

దారిలో బాల్రానాల్డ్ అనే ఊరి దగ్గర ఆగి పులిహోర తిన్నాం. మజ్జిగ ఫ్రిజ్‌లో ఉంది. గ్రైండరు అడ్డం ఉండి ఫ్రిజ్ తలుపు తెరుచుకోలేదు. ఆవిడ, పదేళ్ల మా అమ్మాయి గిన్నెలు కడగడానికి వెళ్లారు. నేను గ్రైండర్నీ బస్తానీ గుమ్మడికాయల్నీ ఈడ్చుకెళ్లి వెనక గోడకి చేర్చాను. మజ్జిగ తాగాను. రెండో గ్లాసు కూడా. మళ్లీ మధ్యలోకి తెద్దామనే అనుకున్నాను, నిజం. నడుం పట్టేసింది. అంతేనా? లేక, ఆవిడ చెప్పినట్టే చెయ్యాలా అన్న పంతం కూడా ఉందా? ఇన్నేళ్లుగా అడుక్కుంటున్నా తేలడం లేదు. అన్నీ సర్దారా అని ఆవిడ అడిగితే ఆఁ అన్నాను.

అక్కణ్ణుంచి ఆవిడ నడిపింది. హే ఊరి ముందు మైదానం మీద రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. ఎదురుగా పెద్ద ట్రక్కు దూసుకుపోయింది. ఆ గాలికి కారవాన్ ఊగింది. ఒకసారి ఊగి ఆగాల్సింది, ఆగలేదు, ఇటూ అటూ ఇంకా ఇంకా ఊగి మొత్తం కారునే పట్టుకు లాగడం మొదలుపెట్టింది. వెనక మా అమ్మాయి అరుస్తోంది. మా ఆవిడ గట్టిగా బ్రేకు తొక్కలేదు. కారవాన్‌కి విడిగా ఉండే బ్రేకు మీట మాత్రం నొక్కిపట్టి, స్టీరింగు తిన్నగా ఉంచి, రోడ్డు పక్క ఎర్రమట్టిలోకి దింపి ఆపింది. కారవాన్ పక్కరేకు ఒక స్తంభానికి తగిలి చీరుకుపోయింది. మనుషులకి చిన్న గీత కూడా పడలేదు. ఆవిడ కాకపోతే ముగ్గురం అక్కడే అయిపోయేవాళ్లం.

నేనేం చేశానో తెలుసా? ఆవిడ పిల్లని ఒళ్లోకి తీసుకుని ఊరుకోబెడుతుంటే, లోపల ఎలా ఉందో చూస్తానని కారవాన్ ఎక్కాను. తలుపేసుకున్నాను. నడుం నొప్పి ఏమైపోయిందో, గ్రైండర్ని, బస్తాని, గుమ్మడికాయల్ని మళ్లీ మధ్యలోకి లాక్కొచ్చి పెట్టాను. దిగేసరికి ఆవిడ తన చేతుల కేసి చూసుకుంటోంది.

"ఏమైందండీ? నేనేం తప్పు చేశాను?"

"స్పీడ్ కాస్త ఎక్కువైందేమో. పోనీలే, ఎవరికీ ఏం కాలేదుగా."

మీటరు తొంభై మీద ఉంది. నేను చూశాను. ఆ రోడ్డుకి అది ఎక్కువేం కాదు. పైగా పోనీలే అన్నాను చూడండి, నా తప్పుకి ఆవిణ్ణి క్షమించేశాను! సిగ్గులేని మనిషిని.

ఆ తర్వాత ఆవిడ కారవాన్ నడపలేదు. మెల్లగా హైవే కూడా మానేసింది. పెండిల్ హిల్‌కి కూరలకి వెళ్లడం, రావడం, అంతే. ఎవరింట్లో బార్బీకి, అదే పెరటి విందుకి, వెళ్లినా ఈ కథ తనే చెప్పేది: "నా వల్ల అంతైనా మా ఆయన ఒక్క మాట అనలేదు తెలుసా!" ఆంటీలంతా నన్ను మెచ్చుకునేవారు. నేను ఇంకో గారె వేసుకునేవాణ్ణి. గొంతు దిగేది కూడా, అదీ చెప్పాలి.

మిగతా అంతా మంచి జీవితమే. మేం సుఖంగా ఉన్నాం. అమ్మాయి ఉద్యోగంలో చేరింది. ఈ ఏప్రిల్లో మళ్లీ మిల్డూరా వెళ్లాం, మేమిద్దరమే. అదే గ్రైండరు, మళ్లీ గుమ్మడికాయలు. నిన్న బాల్రానాల్డ్‌లో ఆగాం. ఎండ వెచ్చగా ఉంది. ఆవిడ ఫ్రిజ్ తెరవడానికి గ్రైండర్ని నాలుగంగుళాలు జరిపింది. మజ్జిగ నా చేతికిచ్చి, కాలితో దాన్ని తిరిగి దాని చోటికి నెట్టింది. నాలుగంగుళాలు! ఆ రోజు కూడా అంతే చాలేది. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు. గ్లాసు పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను.

ఆవిడ నా గ్లాసు తీసి కడిగి బోర్లించింది. తిట్టినా బాగుండేది. తర్వాత, "గ్రైండరు ఇప్పుడెక్కడుంది?" అంది.

"చక్రాల మీదే. నువ్వే కదా పెట్టావు."

అయినా లోపలికి వెళ్లి చూసొచ్చింది. వచ్చి తాళాల కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను.

బయలుదేరిన పావుగంటకి మైదానం వచ్చింది. ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"స్పీడెంతుందో చూసి చెప్పండి."

"తొంభై."

"ఎక్కువా?"

"కాదు," అన్నాను. "ఎక్కువ కాదు."

హే దాకా తనే నడిపింది.