ఉత్తరం నర్సయ్యది, వేలు రాజేశంది

దెబ్బ తగిలినవాళ్ల క్లెయిములు ఎందుకు తిరస్కరిస్తారని అడిగితే మా ఇన్సూరెన్సు ఆఫీసులో ఒకటే జవాబు: జనం అబద్ధాలు చెబుతారు. భివండి మగ్గాల మీద బతికే మా తెలుగువాళ్లను అడిగితే దానికి ఎదురు జవాబు: కంపెనీలు దొంగవి. రెండూ ఆలోచించే శ్రమ తప్పించుకోవడానికి చెప్పే మాటలే. సగం ఉద్యోగ జీవితం ఆ ఫైళ్ల మధ్యనే గడిపినదాన్ని, నాకు రెంటితోనూ పేచీ ఉంది.

నన్ను ఠాణే డివిజన్‌లో క్లెయిముల విచారణ అధికారిగా వేసిన మొదటి వర్షాకాలం అది. విచారణ అధికారి అంటే అడగాలి, చూడాలి, రాయాలి. డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చేది డివిజనల్ మేనేజరు. భివండి ఫైళ్లన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. నాకు తెలుగు వచ్చని పైకి చెప్పిన కారణం. మా నాన్న భివండిలోని టెంఘర్‌లో సాంచాలు నడిపిన మనిషి, అంటే మరమగ్గాల కార్మికుడు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

ఫైలు చిన్నది. టెంఘర్‌లో ఒక తెలుగు సేటు కార్ఖానా. నర్సయ్య అనే కార్మికుడి కుడి చూపుడువేలు సాంచా పళ్లచక్రంలో పడి రెండో కణుపు దాకా పోయింది. పనిలో దెబ్బ తగిలితే సేటు ఇవ్వాల్సిన పరిహారాన్ని కంపెనీ కట్టే పాలసీ ఉంది. ఆసుపత్రి కాగితం ఉంది, ఎక్స్‌రే ఉంది. మా డాక్టరు ఒకసారి చూసి నష్టం శాతం రాస్తే సరిపోతుంది. రమ్మని నర్సయ్యకు ఉత్తరం వెళ్లింది.

నర్సయ్య వచ్చాడు. డాక్టరు చెయ్యి చాపమన్నాడు. పది వేళ్లూ ఉన్నాయి.

డాక్టరు మళ్లీ లెక్కపెట్టాడు. నర్సయ్య ఓపిగ్గా రెండు చేతులూ అలాగే చాపి ఉంచి, బయట బల్ల మీద కట్టుతో కూర్చున్న ఇంకో మనిషిని పిలిచాడు. "ఉత్తరం నా పేరు మీద అచ్చింది సార్, వేలు మా బామ్మర్దిది. గందుకే ఇద్దరం అచ్చినం" అన్నాడు. అందులో దాచవలసింది ఏదైనా ఉందని అతనికి తోచినట్టే లేదు. డాక్టరు ఫైలు మీద ఎర్ర సిరాతో 'మారుమనిషి' అని రాశాడు. ఆ మాట పడ్డాక మా దగ్గర అది ఫైలు కాదు, శవం. పాతిపెట్టడానికి ఒక రిపోర్టు కావాలి. దానికి నన్ను పంపారు.

ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నా నిద్రలోకి వస్తుంది. బయట వాన. కార్ఖానా లోపల పైకప్పు రేకుల సందుల్లోంచి బూడిదరంగు వెలుతురు, అందులో మెల్లగా, ఎక్కడా దిగకుండా తేలే దూది నూగు. మనుషులు నీళ్లడుగున నడుస్తున్నట్టు నడుస్తారు. సాంచాల మోతలో మాట వినపడదు. పెదాలు చూసి గ్రహించాలి. నాన్నకు సద్ది తీసుకెళ్లే రోజుల్లో నాకు అబ్బిన విద్య అది. అన్నేళ్ల తర్వాత అక్కడ నిలబడితే పోలేదు, ఉంది.

నర్సయ్య బామ్మర్ది రాజేశం తెగిన పోగును నడిమివేలితో ముడి వెయ్యాలని చూస్తున్నాడు. పోగు జారిపోతోంది. మళ్లీ పట్టుకుంటున్నాడు. చూపుడువేలూ బొటనవేలూ కలిస్తేనే ఆ ముడి పడుతుంది. కళ్లు మూసుకుని అయినా పడుతుంది. డాక్టరు శాతాల పట్టీలో వేళ్లకు వరసలున్నాయి, ముడికి లేదు.

జరిగింది అతని పెదాల మీదే చదివాను. నర్సయ్య, అతని భార్య లక్ష్మి తమ బిడ్డ పుట్టువెంట్రుకలకు వేములవాడ వెళ్లారు. లక్ష్మి తమ్ముడు రాజేశం బావ బదులు ఆ నాలుగు సాంచాల మీద నిలబడ్డాడు. బద్లీ అంటారు, మావాళ్లలో అది ఎప్పటినుంచో ఉన్నదే. మనిషి ఊరికి పోతే చుట్టం నిలబడతాడు, సాంచాలు చేయి జారకుండా కాస్తాడు, వచ్చాక అప్పజెబుతాడు. ఆసుపత్రిలో పేరడిగితే బావ పేరు చెప్పాడు.

ఎందుకన్నాను.

"సాంచాలు బావయి గదక్కా. ఇన్సూరెన్సుల పేర్లు రాసుకపోయిండ్రు, నా పేరు లేదు. నా పేరు చెప్తే సేటు మీదికి అస్తది, బావ సాంచాలు పోతయి."

సేటు కూడా అదే నమ్మాడు. అందుకే నర్సయ్య పేరు మీదే క్లెయిము పెట్టాడు. పాలసీ నా సంచిలో ఉంది. తీశాను. అందులో ఒక్క పేరూ లేదు. కార్మికులు ఎనిమిదిమంది అని మాత్రమే ఉంది. ఆ రోజు పనిలో ఉన్న ఎనిమిదిమందిలో రాజేశం ఒకడు. తన పేరు తాను చెప్పుకున్నా పాలసీ వర్తించేది.

పాలసీలో పేర్లు లేవని ఆ మోతలోనే పెదాలతో చెప్పాను. విచారణకు వెళ్లిన అధికారి అలా చెప్పకూడదట, తర్వాత ఎవరో అన్నారు. పాలసీ చదివి వినిపించడం తప్పయితే ఆ తప్పు చేశాను.  రాజేశం చేతిలోంచి పోగు జారిపోయింది. గుమ్మం దగ్గర తమ్ముడి కోసం టిఫిన్ డబ్బాతో నిలబడిన లక్ష్మి నన్ను బయటికి పిలిచింది.

"గీ ముచ్చట ముందుగాల ఎవలన్న చెప్తే మీ నోటి ముత్యాలు రాలుతుండెనా? వేలు పోయినంక సదివి చెప్తానవు. నువ్వు మా సాంచాలోళ్ల బిడ్డవేనట గదా, ఎక్కడ సదివినవు గట్ల?"

పాలసీ మడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. 

సేటు వాంగ్మూలం, తోటి కార్మికులు నలుగురి వాంగ్మూలాలు, ఎక్స్‌రేకూ రాజేశం చేతికీ కుదిరిన పోలిక, అన్నీ జతచేసి, పరిహారం ఇవ్వవలసిందేనని రాశాను. మేనేజరు చదివి, రిపోర్టు బాగుంది, అయితే సందేహం పూర్తిగా పోలేదన్నారు. ఏ సందేహమని అడిగాను. మారుమనిషి అన్న మాట ఫైల్లో ఉంది కదా అన్నారు. ఆ మాట ఎందుకు తప్పో చెప్పడానికే నా రిపోర్టు అన్నాను. వాదన అక్కడే చాలాసేపు తిరిగింది.

చివరికి రాజీ సొమ్ము ఇస్తామన్నారు. అతని పేరు మీద కూలి రాసిన పుస్తకం లేదు కాబట్టి ప్రభుత్వం చెప్పిన కనీస కూలి పట్టుకుని ఒక కోత, సందేహానికి ఇంకో కోత. లేబర్ కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుందని మా వకీలు మెత్తగా చెప్పాడు. రాజేశం మరాఠీ అక్షరాల్లో, నిదానంగా, తన సొంత పేరు సంతకం చేశాడు. ఇప్పుడు కాల్హేర్‌లో గోదాము గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకుంటున్నాడు. నర్సయ్య సాంచాలు నర్సయ్య దగ్గరే ఉన్నాయి.

నేను నేర్చుకున్నది ఇది. మనిషి అబద్ధం చెప్పాడా అన్నది రెండో ప్రశ్న. ఏ భయంతో చెప్పాడన్నది మొదటిది. మా ఫారంలో రెండోదానికే గడి ఉండేది. తర్వాత నా రిపోర్టులన్నింటిలో మొదటిదానికి మార్జిన్‌లో చోటు చేసుకున్నాను.

కానీ నా పేచీ నాతోనే తెగలేదు. ఆ రోజు ఆసుపత్రి కౌంటరు దగ్గర రాజేశం తన పేరు తానే చెప్పి ఉంటే, మేము ఇంకే కారణం వెతికి ఉండేవాళ్లం?