మెలూర్‌కు ఏడో నెల విందు

లాంపుంగ్ అడవి అంచున మేం సాకే ఖడ్గమృగం పేరు మెలూర్. దాని కాపరి పర్జోనో అన్న. పొద్దున్నే పోయి అది తినే ఆకు కోసుకొస్తాడు. మెలూర్ ఈల వేసినట్టు కూస్తే తానూ ఈల వేస్తాడు. అన్నకూ తుకీనెం వదినకూ పిల్లల్లేరు. మెలూర్‌కూ రెండుసార్లు కడుపు నిలవలేదు. అడవిలో కాపలా తిరిగేవాళ్లకు దాని జాతి అడుగుజాడ ఒక్కటి కనబడితే పండుగే. అందుకే మూడోసారి కడుపు నిలిచి ఏడో నెల రాగానే, విందు చేయాల్సిందేనని అన్న పట్టుబట్టాడు.

"ఇది మోసేది పదిహేను నెలలకు పైగానయ్యా. ఇప్పుడే ఏం విందు?" అంది మా జంతువుల డాక్టరమ్మ రత్రి గారు.

"ఏడంటే ఏడే డాక్టరమ్మా. నేను కడుపులో ఉన్నప్పుడూ ఏడుకే చేశారు."

ఊరంతా వచ్చింది. కంచె ఇవతలే పళ్లముక్కల్లో మిరపకాయ నూరి కలిపారు. కారంగా కుదిరితే ఆడపిల్లని మా నమ్మకం. మెలూర్‌కు మాత్రం పెట్టనివ్వలేదు డాక్టరమ్మ. వదిన నూరిన కారానికి మా అందరికీ కళ్లనీళ్లు తిరిగాయి. "ఆడపిల్లే!" అని అన్న గంతులేశాడు.

తంటా తర్వాత వచ్చింది. విందు తిన్న ఊరు రెండు నెలలకే పురుడు కోసం ఎదురుచూసింది. అన్న టీ కొట్టుకెళ్తే చాలు, "ఏం మామా, నీ కూతురింకా కనలేదా? ఏనుగు పిల్లను గానీ మోస్తోందా?" అనేవాళ్లు.

"నా మనవరాలు నీలా తొందరపడే రకం కాదులే" అని నవ్వేసేవాడు. నా దగ్గర మాత్రం, "ముందే చేసి దిష్టి తగిలించానేమో తమ్ముడూ" అని దిగులుపడేవాడు. ఆ నెలల్లో అన్న కడుపునిండా తినగా నేను చూడలేదు.

చివరికి ఓ ఉదయం పుట్టింది. ఒళ్లంతా బొచ్చు. ఆడపిల్ల! లేచి, పడి, మళ్లీ లేచి తల్లి పాలు అందుకుంది.

"నా కారమంటే ఏమనుకున్నారు!" అంది వదిన. ఒకరినొకరు వాటేసుకుని నవ్వాం, ఏడ్చాం.

డాక్టరమ్మ మావిలోంచి పరీక్షకు కావలసినంత తీసుకుని, మిగిలింది కుండలో పెట్టింది. మాలో దాన్ని ఇంటి ముందు పాతి దీపం పెట్టాల్సింది బిడ్డ తండ్రి. ఆ తండ్రేమో పక్క కంచెలో హాయిగా బురదలో పొర్లుతున్నాడు.

"వాడికేం చేతనవుతుంది? పలుగు నువ్వే తీసుకోవయ్యా" అంటూ డాక్టరమ్మ కుండను అన్న చేతుల్లో పెట్టింది.

అన్న కుండను రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. తర్వాత ఇంటికెళ్లి గుమ్మం పక్కన గుంట తవ్వాడు. వదిన కొబ్బరినూనె పోసి వత్తి వెలిగించింది. పెళ్లయిన ఇరవై ఏళ్లకు ఆ గుమ్మం పక్కన పురిటి దీపం వెలిగింది.