కొనదగ్గ గిటార్ కాదు

పాత గిటార్ అమ్మకానికుందంటూ ఫొటో వచ్చినప్పుడు నేను బాపట్లలో, మా స్కూల్ స్టాఫ్ రూములో టిఫిన్ బాక్సు తెరుస్తున్నాను. సంగీతం నేర్చుకునే పిల్లల కోసం పాత గిటార్లు చూసి కొనిపెడుతుంటానని తెలిసినవాళ్లు అలాంటి ఫొటోలు పంపుతూనే ఉంటారు. ఈసారి మాత్రం తినబుద్ధి కాలేదు. తీగలు బిగించే ఆరు మరల్లో ఐదు నల్లవి, ఒకటి తెల్లది. పైపలక మీద జానెడు పొడవున పగులు. ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా చూడగానే గుర్తుపట్టాను. అమ్మేది తెనాలిలో ఒక రిటైరైన మాస్టారు. అడక్కుండానే ఎవరో తెలిసిపోయింది.

నా చిన్నప్పుడు మేము రేపల్లెలో ఉండేవాళ్లం. నాన్న గుమస్తా. పద్నాలుగో ఏట చర్చి క్వయర్లో చేరాను. ఆ గిటార్ చర్చిది, ఎప్పుడో మిషన్ వాళ్లు ఇచ్చి వెళ్లింది. క్వయర్ నడిపే మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయన తప్ప దాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం కోసం పాటలు సాధన చేస్తున్న రోజున ఆయనే నా చేతికిచ్చి, తీగలు శ్రుతి చెయ్యమన్నారు. రెండో తీగ బిగిస్తుండగా టప్పుమని చప్పుడైంది. నా కళ్ల ముందే పలక నోరు తెరిచింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన గిటార్‌ని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నారు. ఒక్క గీత కూడా పడకుండా ఇన్నేళ్లు కాపాడిన వస్తువు ఈ పిల్ల నిర్లక్ష్యం వల్ల పోయిందని చెప్పారు. నాన్న లేచి నిలబడి, చేతులు జోడించి సంఘానికి క్షమాపణ చెప్పాడు. నన్ను క్వయర్లోంచి తీసేశారు. ఇక పనికిరాదు కదా అని గిటార్‌ని మాస్టారే ఇంటికి తీసుకెళ్లారు. నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే పాడుచేశానని నమ్మాడు కాబట్టే అనలేదు. చనిపోయేదాకా అలాగే నమ్మాడు.

తర్వాత ట్రైనింగ్ కాలేజీలో కసికొద్దీ గిటార్ నేర్చుకున్నాను. దాన్ని విప్పడం, అతికించడం కూడా నేర్చుకున్నాను.

శనివారం తెనాలి రైలెక్కాను. బ్యాగులో చిన్న టార్చి, పళ్ల డాక్టర్లు వాడే పొడుగు కాడ అద్దం. గిటార్ కొనేముందు దాని లోపల చూడాలి. బయట పాలిష్ పెట్టి ఎన్నయినా దాచొచ్చు. దారి పొడవునా ఆయన్ని అనాల్సిన మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాను. చుండూరు దాటేసరికి చాలా చెడ్డ మాటలే పోగయ్యాయి.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. జుట్టంతా రాలిపోయి చిన్నమనిషైపోయారు. ఆయన భార్య కాఫీ తెచ్చి ఇచ్చి, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది.

"బాపట్ల నుంచి వచ్చానండి. మ్యూజిక్ టీచర్ని."

"చూడమ్మా, నిదానంగా చూడు. ఇప్పుడిలాంటి చెక్క ఎక్కడా దొరకదు," అన్నారు.

గిటార్‌ని కంటికెత్తి మెడ వెంట చూశాను. విల్లులా వంగింది. తీగల్ని పలకకి పట్టి ఉంచే బ్రిడ్జి లేచిపోయింది. దాని వెనక పలక ఉబ్బింది. ఎందుకో అర్థమైంది. అది నైలాన్ తీగల కోసం చేసిన గిటార్. స్టీల్ తీగల లాగుడుకు తట్టుకోలేదు. మా చిన్నప్పుడు దానికున్నవి స్టీల్ తీగలే. మోత బాగా వస్తుందని ఆయనే వేయించారు.

తీగలు వదులు చేసి, అద్దం లోపలికి పెట్టి టార్చి వేశాను. పగులుకి అడ్డంగా మూడు చెక్కముక్కలు అతికించి ఉన్నాయి. నడిమి ముక్క మీద పెన్సిల్‌తో, బాగుచేసిన మనిషి అలవాటుగా రాసుకున్న నెల, సంవత్సరం. నేను క్వయర్లో చేరడానికి ముందు సంవత్సరం అది.

అంటే పలక ముందే పగిలింది, నా చేతిలో విడింది పాత అతుకే. వదులైన తీగల కిందుగా ఫోన్ లోపలికి దూర్చి ఫొటో తీసుకున్నాను. గొంతు మామూలుగా ఉంచుకుని అడిగాను.

"ఈ పగులు ఎప్పటిదండి మాస్టారూ?"

"అదా! రేపల్లెలో ఉండగా ఒక పిల్ల పగలగొట్టిందమ్మా. అప్పటిదాకా గీత కూడా లేదు. తర్వాత నేనే బాగుచేయించుకున్నాను."

అదే మాట. ముప్ఫై ఏళ్లలో ఒక్క అక్షరం కూడా మారలేదు. అప్పుడే నిర్ణయించుకున్నాను. పిల్లలకి కొనదగ్గ గిటార్ కాదు. నాకు మాత్రం కావాలి.

బేరమాడలేదు. అడిగినంతా ఇచ్చి, "ఇప్పుడన్నారే, అదంతా కాగితం మీద రాసివ్వండి. పాత వస్తువుకి చరిత్ర ఉంటే విలువ," అన్నాను. ఆయన సంతోషంగా కళ్లద్దాలు పెట్టుకుని, రేపల్లె చర్చి పేరుతో సహా రాసి సంతకం పెట్టారు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాక ఫోన్ ఆయన ముందు పెట్టాను.

"ఈ అంకెలు చదవండి మాస్టారూ. లెక్కలు చెప్పేవారు కదా."

ఆయన చదివారు. పైకి చదవలేదు. పెదాలు కదిలాయంతే.

గుమ్మం దగ్గర నుంచి భార్య లేచి వచ్చింది. "గుమస్తాగారి అమ్మాయివా నువ్వు?" అంది.

"అవునండి."

"వాళ్ల నాన్న చేతులు జోడించిన రోజే చెప్పాను మీకు, వెళ్లి నిజం చెప్పి రమ్మని. విన్నారా?" అంది భర్త వైపు తిరిగి.

"స్టీల్ తీగలు వేసి చెడగొట్టానని కమిటీకి తెలిస్తే క్వయర్ తీసేసుకుంటారని భయపడ్డానమ్మా," అన్నారాయన నాతో. "ప్రభువు దగ్గర ఎప్పుడో ఒప్పుకున్నాను."

"మా నాన్న దగ్గర ఒప్పుకోలేదు కదండి," అన్నాను. రైల్లో పేర్చుకున్న మాటల్లో ఇది లేదు. మిగతావేవీ అవసరం రాలేదు.

మర్నాడు ఉదయం గిటార్‌తో రేపల్లె వెళ్లాను. ఆరాధన అయ్యాక మాట్లాడ్డానికి పాస్టరు అయ్యగారిని రెండు నిమిషాలు అడిగాను. మాస్టారు రాసిన కాగితం చదివి, ఫొటో ఉన్న ఫోన్ ముందు వరసకి అందించాను. కుర్రకారుకి ఏం అర్థం కాలేదు. పెద్దవాళ్లు నలుగురైదుగురు మాత్రం ఫోన్ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు. అప్పట్లో కోశాధికారిగా చేసిన ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు.

"మీ నాన్న చేత క్షమాపణ చెప్పించినవాళ్లలో నేనూ ఉన్నానమ్మా. తప్పు మాది," అన్నాడు.

క్రిస్మస్‌కి మాస్టారిని పిలిచి శాలువా కప్పాలనుకున్నారట. మానేశారు. ఆ సంగతి తెలిసిన రోజు నేను కడుపునిండా తిన్నాను. సిగ్గుపడాల్సిన విషయమేమో. పడలేదు.

"పోనీలేవే, పెద్దాయన," అంది అమ్మ. నేను వినిపించుకోలేదు.

నెల తర్వాత ఆయన భార్య ఫోన్ చేసింది. ఆయన ఇల్లు కదలడం లేదట, ఎవరి ముఖమూ చూడనంటున్నారట. "ఒక్కసారి వచ్చి పలకరించు తల్లీ," అంది. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు. అందుకే నెమ్మదిగా చెప్పాను.

"ఆయన్నే రమ్మనండి. బాపట్లలో మా అమ్మ ఉంది. ఆవిడ ఎదురుగా కూర్చుని, జరిగింది ఆయన నోటితో చెప్పాలి. నేను కాఫీ పెట్టిస్తాను."

ఇంతవరకూ రాలేదు. నేనూ తెనాలిలో దిగలేదు.