ఫరంగీస్ అత్త అనువాదాలు

మా ఫరంగీస్ అత్త చేత అనువాదం చేయిస్తే ఒక్క మాటైనా ఉన్నదున్నట్టు అవతలి మనిషికి చేరేది కాదు. లాస్ ఏంజిలస్‌లో మా ఇంటిల్లిపాదికీ ఆవిడే దుబాసీ. టెహరాన్‌లో మూడేళ్ళు విమానాల ఆఫీసులో పనిచేశాను కాబట్టి ఇంగ్లీషు కొట్టిన పిండి అనేది. అత్త తమ్ముడైన మా నాన్న మాత్రం, "పిండీ లేదు, రొట్టే లేదు. అక్కకు పది ముక్కలొస్తే గొప్ప" అనేవాడు.

ఒకసారి పళ్ళ డాక్టరు నానమ్మతో, "చక్కెర బిళ్ళ పంటికింద పెట్టుకుని టీ తాగడం మానకపోతే ఉన్న నాలుగు పళ్ళూ ఊడిపోతాయి" అన్నాడు.

"ఏమంటున్నాడే?" అంది నానమ్మ.

"ఈ వయసులో నాలుగు పళ్ళు నిలబెట్టుకోవడం మాటలు కాదంటున్నాడమ్మా."

"ఎంత మంచివాడే! వాళ్ళమ్మ కడుపు చల్లగా ఉండాలని చెప్పు."

అత్త డాక్టరు వైపు తిరిగి, "మా అమ్మ ఈరోజు నుంచే చక్కెర మానేస్తుందట" అంది. ఇద్దరూ సంతోషించారు. పళ్ళు మాత్రం రెండయ్యాయి.

పైవాటాలో హాలిస్ అనే ముసలాయన ఉండేవాడు. టెహరాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం వాళ్ళను బందీలుగా పట్టుకున్న రోజు నుంచి ఆయన లెక్కలో ఆ పట్టుకున్నవాళ్ళం మేమే. ఆ భయానికే బళ్ళో నేను మండానా అన్న పేరు మార్చేసి మ్యాండీనయ్యాను, ఏ దేశమని ఎవరైనా అడిగితే ఇటలీ అనేదాన్ని. నానమ్మకు ఇవేమీ తెలియవు. ఉత్తరాల పెట్టెల దగ్గర ఆవిడ కనబడితే చాలు, హాలిస్ మెడ నరాలు ఉబ్బేలా అరిచేవాడు.

"మీ దేశానికి పొండి!"

"ఏమంటున్నాడే?"

"ఊరెప్పుడు వెళ్తున్నారు, మీవాళ్ళు బెంగపెట్టుకుని ఉంటారు కదా, అంటున్నాడమ్మా."

"దానికి ఆ అరుపేంటి?"

"పాపం, చెవుడు."

ఇంకేముంది! ఆ మర్నాటి నుంచి నానమ్మ ఆయన చెవి దగ్గరకు వెళ్ళి, గొంతు చించుకుని ఫారసీలో క్షేమసమాచారాలు అడగసాగింది. ఆయన ఇంకా గట్టిగా తిట్టేవాడు. ఈవిడ అంతకంటే గట్టిగా దీవించేది. వీధి చివరి కుక్కలు కూడా అందుకునేవి.

మా కొత్త సంవత్సరం నౌరోజ్ పండుగ వారం రోజులుందనగా, బట్టలుతికే గది గోడమీద ఒక కాగితం కనబడింది. కింది వాటాలోని ఇరానీయులను ఖాళీ చేయించాలని మేనేజరును కోరుతున్నామనీ, ఆదివారం మధ్యాహ్నం పెరట్లో సమావేశమనీ రాసి ఉంది. మా వాటా కాక పదకొండు వాటాలు. కింద తొమ్మిది సంతకాలు. మొదటిది హాలిస్‌ది.

"ఏం రాశారే?" అంది నానమ్మ, తడిబట్టలు భుజాన వేసుకుని.

అత్త మొహం పాలిపోయింది. సంతకాలు ఒకసారి లెక్కపెట్టుకుంది.

"పండక్కి మన చేతి వంట తింటామని పేర్లు రాశారమ్మా. ఆదివారం."

"తొమ్మిదిమందా! ఇంత ఆలస్యంగానా చెప్పడం!"

విషయం విని నాన్న వంటింటి బయట పళ్ళు కొరికాడు. "మతిపోయిందా అక్కా? మనల్ని వీధిలోకి గెంటడానికి వాళ్ళు చేరుతుంటే అమ్మ చేత వంట చేయిస్తావా? లోపలికెళ్ళి నిజం చెప్పు."

"నువ్వే చెప్పు."

నాన్న లోపలికి వెళ్ళాడు. నానమ్మ ఆకుకూర తరుగుతూ కూనిరాగం తీస్తోంది. టెహరాన్ వదిలాక ఆవిడ పాడటం అదే మొదలు. నాన్న ఒక నిమిషం నిలబడి, "చేపలు ఎన్ని తెమ్మంటావమ్మా?" అని అడిగి వచ్చేశాడు.

ఆదివారం పెరట్లో కుర్చీలు వేశారు. మేనేజరు డోర్సీ గారు కలం పట్టుకుని కూర్చుంది. కాగితం హాలిస్ చేతిలో ఉంది. ఆకుకూరల పులావు గిన్నె మోస్తూ నాన్న, చేపల పళ్ళెంతో అత్త, కొత్త తలగుడ్డ కట్టుకుని నానమ్మ వరసగా నడిచారు. వెనక నేను. ఆ క్షణంలో నిజంగానే ఇటలీలో ఉంటే బాగుండుననిపించింది.

నానమ్మ తలలు లెక్కపెట్టి, "ఎనిమిదే! ఒకరు రాలేదు" అని నొచ్చుకుంది. మొదటి పళ్ళెం హాలిస్ ముందు పెట్టింది.

"నీ కూడు ఎవడికి కావాలి? మీరు ఇక్కణ్ణుంచి పోవాలి, అంతే!" అన్నాడాయన.

పెరడంతా బిగుసుకుపోయింది. నాన్న పిడికిలి బిగించాడు.

"ఏమంటున్నాడే?"

అందరి కళ్ళూ అత్త మీదే.

"చేపలో ముళ్ళుంటాయని భయపడుతున్నాడమ్మా."

"అయ్యో, ఆ మాత్రానికా!" అంటూ నానమ్మ కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుని, ముళ్ళు ఒక్కొక్కటే తీయసాగింది.

"ఆవిడకేం చెప్పావు?" అని గద్దించాడు హాలిస్.

అత్త ఇంగ్లీషులో జవాబిచ్చింది. వార్తలు చదివేవాళ్ళ ఇంగ్లీషు; ఒక్క తడబాటు లేదు. నాన్న నోరు వెళ్ళబెట్టాడు.

"మీకు ముళ్ళంటే భయమని చెప్పాను. నాలుగు నెలలుగా మీరు తిట్టిన ప్రతిసారీ మీ తరఫున ఒక మంచిమాట నేనే చెబుతున్నాను. మా అమ్మకు ఇల్లు పోయింది, ఊరు పోయింది. ఇక్కడ ఒక మంచి పొరుగాయన ఉన్నాడనుకుంటోంది. అది మీరే. కావాలంటే ఇప్పుడే నిజం చెప్పేస్తాను. చెప్పమంటారా?"

హాలిస్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన నానమ్మ వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. చివరి ముల్లు తీసి, పళ్ళెం చేతికిచ్చి, నానమ్మ ఆయన చెవిలో అరిచింది. "తినండి బాబూ, ఒక్క ముల్లు కూడా లేదు!"

ఆయన కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక ముద్ద తిన్నాడు. ఆగి, ఇంకొకటి. డోర్సీ గారు కలం పక్కనపెట్టి తనూ ఒక పళ్ళెం అందుకుంది. ఆ కాగితం హాలిస్ చొక్కా జేబులోకి వెళ్ళింది, మళ్ళీ ఎవరికీ కనబడలేదు. మేము ఆ ఇంట్లోనే మరో తొమ్మిదేళ్ళున్నాం.

పళ్ళెం ఖాళీచేసి, మూతి తుడుచుకుని, ఆయన నేలచూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"ఏమంటున్నాడే?"

"బాగుంది అంటున్నాడమ్మా." ఈసారి అత్త అక్షరం కూడా మార్చలేదు.

నానమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "అంతేనా? ఎప్పుడూ ఇంకా ముచ్చటగా మాట్లాడతాడే! నీకు సరిగ్గా వినబడలేదేమో, మళ్ళీ అడుగు."