రెండో చీటీ

కడప హైస్కూల్లో నేనూ, మా ఊరివాడే ఇంకొకడూ ఒకే బెంచీ. మార్కులు వాడికంటే నాకే ఎక్కువ వచ్చేవి. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. చరిత్ర చెప్పే అయ్యవారికి పాత గ్రీకుల రాజనీతి అంటే ప్రాణం. రాజ్యాన్ని మంచి మనిషి ఏలాలా, చట్టం ఏలాలా అని ఒకరోజు అడిగారు. వాడు మనిషి అన్నాడు, నేను చట్టం అన్నాను. అయ్యవారు నా జవాబు మెచ్చుకుని, వాడి భుజం తట్టారు. ఆ తట్టడం నేనింకా మరిచిపోలేదు.

చదువయ్యాక ఇద్దరం బేతంచెర్ల దగ్గరి మా ఊరికే వచ్చి సేద్యంలో పడ్డాం. గట్టు తగాదా వచ్చినా, బావి దగ్గర నీళ్ళ వంతు తప్పినా జనం వాడి గడపే తొక్కేవారు. చట్టాల పుస్తకాలు తెప్పించుకున్నది నేను. వాడి ఇంట్లో ఉన్నది పంచాంగం ఒక్కటే. వాడి అరుగు మీద జనాన్ని చూస్తే నాకు కడుపు మండేది. నా కడుపు మంట మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చని మా ఆవిడ ఎగతాళి చేసేది.

అప్పుడు సర్కారు మా ఊరికి పంచాయతీ కోర్టు ఇచ్చింది. చిన్న దావాలు ఊళ్ళోనే తేల్చే కోర్టు. దాని పెద్దను ఊరివాళ్ళు చేతులెత్తి ఎన్నుకోవాలి. నిలబడింది మేమిద్దరమే. చేతులు ఎవరికి లేస్తాయో నాకు తెలుసు. ఆ పెద్దరికం నాకు కావాలి. అంతకంటే ముందు, అది వాడికి దక్కకూడదు. అందుకని ముందురోజు సాయంత్రం చర్చి ముందు నాపరాళ్ళ అరుగు దగ్గర ఊరు కూడితే, గ్రీకులను దింపాను. ఏథెన్సులో పదవులకు చీట్లు వేసేవారనీ, చేతులెత్తమంటే కూలివాడు ఆసామి ముఖం చూసి ఎత్తుతాడనీ, చీటీ ఎవరి ముఖమూ చూడదనీ చెప్పాను. చీటీలో ఎవరి పేరు వస్తే రేపు అందరూ ఆయనకే చేతులెత్తాలన్నాను. న్యాయం కోసమే మాట్లాడుతున్నట్టు నా గొంతు కూడా వణికింది.

ఎవరు కాదంటారోనని చూస్తుంటే వాడే లేచాడు.

“ఆయప్ప జెప్పేది బాగుండాది. చీట్లు నేను రాస్తాలే.”

ఇంకెవరైనా అయితే ఊరు సందేహించేది. వాడు కాబట్టి అందరూ తలూపారు. దానికీ నాకు ఒళ్ళు మండింది. వాడు రెండు చీట్లు రాసి, చుట్టి, ముంతలో వేశాడు. మా ఇద్దరికీ బంధువు కాని చర్చి పెద్ద ఒకటి తీసి చదివాడు. నా పేరు.

“శానా సంతోషమప్పా” అని వాడు నా చేయి పట్టుకుని వెళ్ళిపోయాడు. జనమూ లేచిపోయారు. నేను ముంత దగ్గరే ఆగాను. ఓడిన వాడి పేరు ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలనిపించింది. రెండో చీటీ విప్పాను. వాడి గుండ్రటి అక్షరాల్లో, అందులోనూ నా పేరే ఉంది.

చట్టమే ఏలాలన్న నన్ను ఒక మంచి మనిషి చట్టం తప్పి గద్దె ఎక్కించాడు. ఆ చీటీ ఊరికి చూపించడమే న్యాయం, అది నాకూ తెలుసు. పదవి పోతే పోయింది. కానీ వాడు చేసిన మంచి ఊరంతా తెలిసిపోతుంది. దాన్ని మాత్రం నేను ఓర్చుకోలేను. అందుకే చీటీ నలిపి జేబులో వేసుకుని, మూడేళ్ళు ఆ ఊరికి న్యాయం చెప్పాను.